టవర్ నీడ ఎటు పడుతుంది: విశాఖలో ఒక రీడెవలప్‌మెంట్ కేసు

ఇది నేను పనిచేసిన ఒక ప్రాజెక్టు గురించి. స్థలం పేరు, బిల్డర్ పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. విశాఖ నగరం నడిబొడ్డున, సముద్రానికి నడిచిపోయేంత దూరంలో అనుకుంటే చాలు. నా పని అర్బన్ డిజైన్. గదులు ఎలా ఉండాలో ఆర్కిటెక్ట్ చూసుకుంటారు, భవనాల మధ్య మనుషులు ఎక్కడ నడవాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నది నేను చూసుకోవాలి. అది మొదటి ఫేజ్‌లో పూర్తిగా తప్పిపోయింది, రెండో ఫేజ్‌లో చాలావరకు కుదిరింది. తప్పిన డ్రాయింగ్ మీద నా సంతకమూ ఉంది. పాత క్వార్టర్లు, గోడౌన్ల స్థలాలు ఒక్కొక్కటే టవర్లుగా మారుతున్న రోజులివి, ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఉపయోగపడుతుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అక్కడ ఏముండేది

దాదాపు తొమ్మిదెకరాలు. ఒకప్పటి స్టాఫ్ క్వార్టర్లు, రెండు గోడౌన్లు, మధ్యలో పిచ్చిమొక్కలు. పడమర వైపు బస్సులు తిరిగే పెద్ద రోడ్డు, తూర్పు వైపు చిన్న వీధి, దాని వెనక పాత పేట, ఆ తర్వాత సముద్రం. కాంపౌండ్ గోడ ఉండేది గానీ ఎప్పుడో రెండు చోట్ల కూలిపోయింది, ఆ రెండు కంతల్నీ కలుపుతూ ఒక కాలిబాట పడింది. పేటవాళ్ళు బస్‌స్టాప్‌కి చుట్టూ తిరిగి రావాలంటే పావుగంట, ఈ బాటలో నాలుగు నిమిషాలు. తెల్లారుజామున చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని వెళ్ళే ఆడవాళ్ళు, షిఫ్టు డ్యూటీవాళ్ళు, స్కూలు పిల్లలు, అందరికీ అదే దారి. స్థలం దాటబోయే ముందు, తూర్పు కొసన ఒక పెద్ద రావిచెట్టు, దాని మొదట్లో చిన్న అమ్మవారి గుడి, చుట్టూ సిమెంటు అరుగు, పక్కన ఒక టీ పాక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు నగరంలో చెట్లు ఎలా పడ్డాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈ రావిచెట్టు ఒక పెద్ద కొమ్మ పోగొట్టుకుని నిలబడింది.

మేం మొదలుపెట్టిన సర్వే డ్రాయింగ్‌లో ఇదంతా ఒక ఆకుపచ్చ చుక్క. చెట్టు మాత్రం ఉంది. బాట లేదు, అరుగు లేదు, టీ పాక లేదు. సర్వే చేసినవాళ్ళని అనడానికి లేదు, వాటిని గుర్తించమని మేం అడగలేదు.

బిల్డర్ అడిగింది, మేం గీసింది

నాలుగు టవర్లు, రెండు ఫేజ్‌లు. పడమర సగం మొదటిది, తూర్పు సగం రెండోది. నగరంలోకెల్లా ఎత్తైనది కావాలన్నారు మొదట. కానీ నగరంలోనే నౌకాదళానికి చెందిన విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా రన్‌వే ఉంది, ఎత్తుకి అనుమతి తీసుకోకుండా కదలడానికి లేదు, కాబట్టి ముప్ఫై అంతస్తులు దాటాక ఒకచోట ఆగాల్సి వచ్చింది. అంటే సుమారు 110 మీటర్లు.

ఎత్తు పెరిగేకొద్దీ భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ, సెట్‌బ్యాక్ అంటాం, పెరుగుతుంది. కాగితం మీద అదంతా ఖాళీ స్థలమే. నిజానికి అందులో ఎక్కువ భాగం ఫైరింజన్ తిరిగే దారి. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఆ దారి 45 టన్నుల బండిని మోయాలి, దాని మీద చెట్టు పెట్టలేం, అరుగు కట్టలేం. అందుకే మన టవర్ల చుట్టూ ఖాళీ ఉంటుంది, నిలబడటానికి చోటుండదు. ఈ ఒక్క విషయం స్కీం మొదటి వారంలోనే బల్ల మీద పెట్టి ఉంటే తర్వాతి కథ వేరేగా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ప్రజల కోసం ఒక ప్లాజా, అంటే ఎవరైనా వచ్చి కూర్చునే ఖాళీ ఆవరణ, ఇస్తామని బిల్డర్ తనంతట తానే ఒప్పుకున్నారు, ఆ మాట వరకు మంచి మనసుతోనే. పెద్ద రోడ్డు వైపు, రెండు టవర్ల ముందు, అందరికీ కనిపించేలా పెట్టాం. 1958లో న్యూయార్క్‌లో సీగ్రామ్ భవనం ముందు వదిలిన ప్లాజా బొమ్మ మా తరం ఆర్కిటెక్చర్ చదివిన ప్రతివాళ్ళ బుర్రలోనూ ఉంటుంది. ఆ నగరం 1961లో ప్లాజా వదిలితే అదనపు అంతస్తులకి అనుమతి ఇస్తామంది, బిల్డర్లు వరసగా వదిలారు. చివరికి పరిశోధకుడు జెరోల్డ్ కేడెన్ బృందం అలాంటి 503 స్థలాలు తిరిగి చూసి 2000లో పుస్తకం వేస్తే 41 శాతం జనానికి ఏమంత ఉపయోగపడనివని తేలింది. ఇదంతా మేం చదువుకున్నదే. చదువుకుని కూడా అదే గీశాం, ఎందుకంటే త్రీడీ బొమ్మలో చాలా బాగుంది, మీటింగ్‌లో ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

తెరిచాక

మార్చిలో తెరిచారు. పాలిష్ గ్రానైట్, మధ్యలో ఫౌంటెన్, కుండీల్లో తాటిజాతి మొక్కలు. కింద బేస్‌మెంట్‌కి గాలి రావడానికి దాని పైకప్పు నేలకన్నా 1.2 మీటర్లు లేచింది కాబట్టి రోడ్డు నుంచి ఎక్కడానికి ఎనిమిది మెట్లు.

ఏప్రిల్ వచ్చేసరికి సాయంత్రం నాలుగింటికి అక్కడ నలుగురు కూడా లేరు. బస్‌స్టాప్ నిండా జనం, ఎనిమిది మెట్ల పైన ఖాళీ గ్రానైట్. పిల్లలు ఫౌంటెన్ దగ్గరికి వస్తే సెక్యూరిటీ గార్డు విజిల్ వేసేవాడు. వానాకాలం మొదట్లో ఒక పెద్దావిడ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు, ఆ మాట విన్న రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేలకి ఆ నున్నటి పాలిష్ వద్దని చెప్పే అవకాశం నాకుంది, చెప్పలేదు.

బిల్డర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "సార్, ఇంత ఖర్చు పెట్టాం, మనుషులు ఎందుకు రావట్లేదు?" వాళ్ళు నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నారు. నా దగ్గర జవాబు లేదు.

మొదట చేసిన మూడు మరమ్మతులు

నీడ లేదని గుడారంలాంటి బట్ట పందిళ్ళు వేశాం. రెండు టవర్ల మధ్య మూలలో గాలి ఎంత బలంగా తిరుగుతుందంటే నెలలోనే రెండిటి తాళ్ళు తెగాయి. పైగా తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ విప్పాలి, మళ్ళీ కట్టాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ ఊళ్ళో అది జరిగే పని కాదు.

తర్వాత శని, ఆదివారాలు ఫుడ్ ఫెస్టివల్, సంగీతం. ఆ రెండు పూటలా కిటకిటలాడేది, సోమవారం మళ్ళీ మామూలే. ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. తిరునాళ్ళ రోజు ఏ మైదానమైనా నిండుతుంది, దాన్నిబట్టి ఆ మైదానం మంచిదని చెప్పలేం.

మూడోది కియోస్కులు. అద్దె కట్టగలిగినవాళ్ళే వచ్చారు, కాబట్టి కాఫీ ధర ఎక్కువ, బస్సు కోసం నిలబడ్డ మనిషి అంత పెట్టడు. పాత టీ పాక ఆవిడని అడిగితే ఆ అద్దె తన వ్యాపారం మొత్తం కన్నా ఎక్కువన్నారు. ఆరు నెలల్లో అన్నీ మూతపడ్డాయి.

మూడు మరమ్మతుల్లోనూ ఒకటే పొరపాటు. చోటు సరైనదే, దాని మీద పెట్టాల్సింది ఇంకేదో తక్కువైంది అనుకుంటూ పోయాం.

తూర్పు వీధిలో పది రోజులు

రెండో ఫేజ్ డ్రాయింగులు మొదలయ్యే ముందు బిల్డర్‌ని ఒక్కటే అడిగాను, పది రోజులు నన్ను గీయమనకండి, చూడనివ్వండి అని. 1970లలో విలియం వైట్ అనే పరిశీలకుడు న్యూయార్క్‌లో కెమెరాలు పెట్టి ప్లాజాల్లో జనం ఏం చేస్తారో గంటల తరబడి చూశాడు. కూర్చోవడానికి వీలున్నచోటే జనం కూర్చుంటారని ఆయన చెప్పిన మాట చాలా మామూలుగా వినిపిస్తుంది, కానీ దాన్ని నిరూపించాకే ఆ నగరం 1975లో నిబంధన మార్చి, ప్లాజా వదిలితే ఇన్ని అడుగుల కూర్చునే అంచు ఉండాలంది. నా దగ్గర ఒక నోటుబుక్కు, ఒక గొడుగు.

మొదటి రెండు రోజులు ప్లాజాలో కూర్చున్నాను. మధ్యాహ్నం పన్నెండు దాటాక నిలవడం కష్టం. పడమటెండ నేరుగా పడుతుంది, వెనకాల టవర్ అద్దాల మీద పడి తిరిగొచ్చి మళ్ళీ పడుతుంది. గాలి కోసం చూస్తే, మధ్యాహ్నం సముద్రం మీద నుంచి ఆగ్నేయంగా వచ్చేదాన్ని మా టవర్లే అడ్డుకుంటున్నాయి. ప్లాజా నడిమధ్యలో ఆకు కదలదు, టవర్ మూల మీద చీర కొంగు నిలవదు.

మూడో రోజు తూర్పు వీధిలోకి వెళ్ళాను. సైట్ చుట్టూ రేకుల కంచె. దానికి ఆనుకుని, మేం డ్రైన్ కోసం తెచ్చి పడేసిన సిమెంటు గొట్టాల మీద, పేర్చిన కెర్బ్ రాళ్ళ మీద ఇరవై ముప్ఫై మంది. టీ పాక ఆవిడ టార్పాలిన్ పట్టా కట్టుకుని అక్కడే ఉన్నారు, పక్కన ముంత మసాలా బండి. పేకాట ఆడేవాళ్ళు, ఊరికే కూర్చున్నవాళ్ళు, బీడీ కాల్చుకునేవాళ్ళు, స్కూలు నుంచి వచ్చి పుస్తకాల సంచీ తలకింద పెట్టుకుని పడుకున్న ఒక పిల్లవాడు. టైము మూడున్నర దాటింది, మే నెల.

"ఇక్కడ ఎందుకు కూర్చున్నారమ్మా, అటు అంత పెద్ద ప్లాజా ఉంది కదా" అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూశారు. "నీడ మా ఏపుకొచ్చింది గదా బాబూ. ఆ ఎండలోకెల్లి ఎవుడు కూకుంటాడు?"

తలెత్తి చూశాను. మొదటి ఫేజ్ టవర్ నీడ మొత్తం స్థలాన్ని దాటి ఆ వీధి మీద పడుతోంది.

ఆ రాత్రి లెక్క వేశాను. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మే మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. మూడింటికి 46 డిగ్రీలకి దిగుతాడు, అంటే భవనం ఎంత ఎత్తో నీడ ఇంచుమించు అంత పొడవు. నాలుగింటికి ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, 110 మీటర్ల టవర్‌కి దాదాపు 180 మీటర్లు. ఆ నీడ పడేది తూర్పుకి. మనవాళ్ళు ఇళ్ళలోంచి బయటికి రావాలనుకునే వేళ, నాలుగు నుంచి చీకటి పడేదాకా, సరిగ్గా అప్పుడు నీడ సముద్రం వైపుకి సాగుతుంది, గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది. రెండూ కలిసేది టవర్‌కి తూర్పున. మేం ప్లాజా పెట్టింది పడమర, ఉదయం అందరూ పనుల్లో ఉన్నప్పుడు నీడ, సాయంత్రం ఎండ.

న్యూయార్క్‌లో 1916లో టవర్లని పైకి పోయేకొద్దీ వెనక్కి జరపాలని చట్టం తెచ్చారంటే అందుకు ఒక పెద్ద కారణం నీడ మీద ఉన్న కోపం. అక్కడి చలికి ఎండ కావాలి. ఆ చట్టం నుంచి పుట్టిన పాఠాలన్నీ నీడని నష్టంగా చూస్తాయి, మేం చదివింది ఆ పాఠాలే. మన ఊళ్ళో టవర్ ఇవ్వగలిగిన అతిపెద్ద వరం నీడ, దాన్ని ఎక్కడ పడేయాలో ఎవరూ నిర్ణయించడం లేదు, అదెక్కడో రోడ్డు మీద పడిపోతోంది.

రెండో ఫేజ్: టవర్లని జరపడం

పాత ప్లాన్‌లో రెండో ఫేజ్ టవర్లు తూర్పు అంచున ఉన్నాయి, సముద్రం కనబడటానికి. వాటికి, మొదటి ఫేజ్‌కి మధ్యలో నివాసితుల క్లబ్‌హౌస్, ఈత కొలను. టవర్లని ముప్ఫై మీటర్లు పడమరకి జరిపి, ఆ తూర్పు అంచుని వీధికి వదిలేద్దామన్నాను. సేల్స్ వాళ్ళు ఒప్పుకోలేదు, సీ వ్యూ పోతుందన్నారు. నేను వాదన మానేసి సెక్షన్, అంటే భవనాల్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ, గీసి చూపించాను. పేటలో ఇళ్ళు రెండు మూడంతస్తులు, మా కింది అంతస్తులు ఎలాగూ పోడియం, అంటే టవర్ల కింద వెడల్పుగా ఉండే పార్కింగ్ దిమ్మ. మొదటి ఫ్లాట్ మొదలయ్యే ఎత్తు నుంచి చూస్తే ముప్ఫై మీటర్ల వెనక్కి జరిగినంత మాత్రాన సముద్రం ఏమీ తగ్గదు. మాటలతో రెండు నెలలు తేలనిది ఆ ఒక్క సెక్షన్‌తో తేలింది.

గాలి దగ్గర మాత్రం భయపడ్డాను. ఎత్తైన గోడకి తగిలిన గాలి కిందికి జారి నేల మీద విరుచుకుపడుతుంది. ఇంగ్లండ్‌లో లీడ్స్ నగరంలో ఒక టవర్ పక్కన ఇలాంటి గాలికి 2011లో లారీ బోల్తాపడి ఒక మనిషి చనిపోయాడు. భవనాల మీద గాలి బలం లెక్కకట్టే మన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లుగా తీసుకోమంటుంది, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ లెక్క భవనం నిలవడానికి. కింద టీ తాగే మనిషి సంగతి వేరుగా చూసుకోవాలి. లండన్‌లో వాడే లాసన్ ప్రమాణాల్లో కూర్చునే చోట గాలి ఎక్కువ సమయం సెకనుకి 4 మీటర్లలోపు ఉండాలంటారు. అది చలిదేశం లెక్క, పైహద్దు ఒక్కటే చెబుతుంది. చెమట ఆరని ఈ ఊళ్ళో కిందిహద్దు కూడా కావాలి, కొంచెమైనా గాలి ఆడాలి. భవనాల నమూనా మీద గాలి వదిలి పరీక్షించే విండ్ టన్నెల్ వాళ్ళని అడిగిన ప్రశ్న అదే: మే నెల సాయంత్రం గాలి చాలినంత వస్తుందా, ఈదురుగాలి రోజున మనిషిని తోసేయకుండా ఉంటుందా.

పరిష్కారం పోడియం అంచులో దొరికింది. టవర్‌ని అంచు దాకా తేకుండా తొమ్మిది మీటర్లు లోపలికి పెట్టాం. పైనుంచి జారే గాలి పోడియం పైకప్పు మీద పడి చెదిరిపోతుంది, మిగిలింది మెత్తబడి కిందికి వస్తుంది. హుద్‌హుద్‌లో నగరంలో అద్దాల ముఖాలు ఎలా రాలాయో గుర్తున్నవాళ్ళం కాబట్టి ఇంకో లాభం కూడా చూశాం. అద్దం పగిలితే ముక్కలు చాలావరకు ఆ పైకప్పు మీదే పడతాయి, మనుషుల మీద కాదు.

చూరు దించడం

పోడియం కింద వీధి పొడవునా ఒక వసారా పెట్టాం, ఆరు మీటర్ల లోతు. ఆర్కిటెక్ట్ దానికి రెండంతస్తుల ఎత్తు కావాలన్నారు, హుందాగా ఉంటుందని. నేను చూరు మూడుంపావు మీటర్లకి దించమన్నాను. చాలా రోజులు నలిగింది ఇది. నా కారణం, ఇక్కడ వాన నిలువుగా పడదు. ఈశాన్య రుతుపవనాల్లో సముద్రం వైపు నుంచి ఏటవాలుగా కొడుతుంది, రెండంతస్తుల ఎత్తున్న వసారాలో వెనక గోడ దాకా తడుస్తుంది. మన ఉత్తరాంధ్ర పెంకుటిళ్ళలో చూరు తలకి తగులుతుందేమో అన్నంత కిందికి ఉండేది, కట్టినవాళ్ళకి ఎత్తు కట్టడం రాక కాదు. చివరికి లోపల కప్పు ఎత్తుగా ఉంచి, వీధి వైపు దూలం మాత్రం దించాం. ఇద్దరికీ కొంత దక్కింది.

అరుగుల కొలత కోసం ఒక ఆషాఢ పౌర్ణమి ముందు రాత్రి సింహాచలం గిరి ప్రదక్షిణ జరిగే దారిలో తిరిగాను. 32 కిలోమీటర్లు నడిచే జనం అలసిపోయి ఎక్కడ కూర్చుంటే అదే అసలైన సీటు. షాపు మెట్లు, గోడ అంచులు, డివైడర్లు. గమనించింది ఏమిటంటే, చాలామంది కాళ్ళు వేలాడేసి కూర్చోరు, కాళ్ళు పైకి పెట్టుకుని, మఠం వేసుకుని కూర్చుంటారు, లేదా ఒరిగిపోతారు. పుస్తకాల్లోని సీటు లోతు 45 సెంటీమీటర్లు. మేం ఎత్తు మాత్రం 45 ఉంచి లోతు 80 చేశాం. నేలకి పాలిష్ లేని లేతరంగు రాయి, గుడికి చెప్పుల్లేకుండా వచ్చేవాళ్ళ కాళ్ళు కాలకుండా.

చెట్టు, బేస్‌మెంట్

మెట్లు ఒక్కటి కూడా ఉండకూడదని మొదటే రాసుకున్నాను. అలా కావాలంటే ఆ భాగంలో బేస్‌మెంట్ లేవకూడదు, రావిచెట్టు బతకాలంటే దాని కింద అసలు ఉండకూడదు. వేళ్ళకి నిజమైన నేల కావాలి, స్లాబ్ మీద పోసిన మట్టి చాలదు. బేస్‌మెంట్ గీత వెనక్కి జరిగితే నలభై కార్ల చోటు పోతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు లోపల ఒక చోట కార్లని ఒకదాని మీద ఒకటి పెట్టే మెకానికల్ పార్కింగ్ సరిపోతుందని చూపించారు, దానికి ఖర్చుంది, బిల్డర్ వెంటనే తేల్చలేదు. నిర్ణయం చేయించింది వాళ్ళ ఇంటి పెద్దాయన. సైట్‌కి వచ్చి, చెట్టు కింద గుడి చూసి, "అమ్మవారున్న రావిచెట్టు మనం ముట్టుకోవద్దు, కార్లు ఇంకోచోట పెట్టుకోండి" అన్నారు. నా దగ్గర వేళ్ళ విస్తీర్ణం లెక్కలున్నాయి, నీడ లెక్కలున్నాయి. పని జరిగింది ఆ ఒక్క మాటతో. ఒక చోటు మీద జనానికి ముందునుంచే ఉన్న నమ్మకాన్ని డిజైన్‌లో కారణంగా రాయొచ్చని అప్పుడు తెలిసింది, అప్పటినుంచి రాస్తున్నాను కూడా.

దారి ఎవరిది

అన్నిటికన్నా కష్టమైనది కాలిబాట. పాత గీత మీదే, బస్‌స్టాప్ నుంచి పేటకి, పోడియం కిందుగా ఐదు మీటర్ల వెడల్పు దారి గీశాను. రాత్రి పదింటికి గేటు వేస్తామన్నారు. వాళ్ళ భయం నాకు అర్థమైంది, ఫ్లాట్లు కొనేవాళ్ళు భద్రత అడుగుతారు. కానీ ఈ దారి అసలు అవసరం తెల్లారుజామున నాలుగింటికి, రాత్రి షిఫ్టు దిగిన పదకొండింటికి. ఆ రెండు వేళలా మూసిన దారిని జనం నమ్మరు, నమ్మని దారిలో పగలు కూడా నడవరు, నడవకపోతే అది నిజంగానే భయం పుట్టించే చోటవుతుంది.

హాంకాంగ్‌లో 1985లో కట్టిన హెచ్‌ఎస్‌బీసీ భవనం కింద నేల అంతా తెరిచి ఉంచారు, ఆదివారాలు ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు వందలమంది అక్కడ అట్టలు పరచుకుని కూర్చుంటారు. బ్యాంకు భద్రత దాని పైన, దాని తలుపుల దగ్గర ఉంది. మేం కూడా గీతని అక్కడికే జరిపాం. లిఫ్టు లాబీలు, పోడియం మెట్లు తాళంలో ఉంటాయి, దారి తెరిచే ఉంటుంది. దారికి రెండు వైపులా ఖాళీ గోడలు లేకుండా మందుల షాపు, టిఫిన్ షాపు, ఏటీఎం పెట్టాం, రాత్రి వెలుగు ఉండాలని. లైటు బిల్లు అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్‌లో కలిపితే రెండేళ్ళలో ఎవరో ఒకరు ఆర్పేస్తారు కాబట్టి షాపుల మీటరుకి కలిపాం.

నోటి మాట మీద ఆగలేదు. దారి హక్కుని రిజిస్టర్ చేయించాలని పట్టుబట్టాను. లాయర్ ఈజ్‌మెంట్, అంటే వేరేవాళ్ళ స్థలం గుండా నడిచే హక్కు, రాశారు, శాంక్షన్ డ్రాయింగ్‌లోనూ ఆ దారి వేరే రంగులో పడింది. మొదటి ఫేజ్ ప్లాజా కూడా ప్రజలదే అని బ్రోషర్‌లో ఉంది, బ్రోషర్ మీద ఏ కోర్టుకీ వెళ్ళలేం.

బండ్లవాళ్ళ సంగతి 2014 వీధి వ్యాపారుల చట్టం కింద టౌన్ వెండింగ్ కమిటీ ద్వారా నడిపాం. ఆలస్యమైంది, కానీ చోటు బిల్డర్ దయ మీద కాకుండా గుర్తింపు కార్డు మీద దొరికింది. టీ పాక ఆవిడకి చెట్టుకి పదడుగుల దూరంలో వచ్చింది.

ఏది కుదిరింది, ఏది కుదరలేదు

రెండో ఫేజ్ తెరిచాక వచ్చిన మొదటి మే నెలలో సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళాను. అరుగులు నిండి ఉన్నాయి. ఎవరినీ పిలవలేదు, ఏ ఫెస్టివల్ లేదు. టవర్లో ఉండే ఒక తాతగారు, పేటలోని ఇంకో తాతగారు పక్కపక్కన కూర్చుని పేపరు చెరిసగం చదువుతున్నారు. ఎంతసేపు చూశానో తెలియదు.

కుదరనివి ఉన్నాయి. ఉదయం పొద్దెక్కే దాకా తూర్పెండ వసారా లోపలికి కొడుతుంది, అప్పుడు చెట్టు కింద తప్ప నీడ లేదు. టాయిలెట్లు కట్టాం గానీ నడిపేవాళ్ళని ముందే తేల్చుకోలేదు, సగం రోజులు తాళం. వసారాలోకి బైకులు ఎక్కించేస్తున్నారు, రాతి గుంజలు వేశాక కూడా మధ్యలోంచి దూర్చేస్తున్నారు, వాటి మధ్య ఎడం చక్రాల కుర్చీకి సరిపోయేలా ఉంచాలి కాబట్టి ఇంకా దగ్గరగా వేయలేం. పడమర ప్లాజా అలాగే ఉంది. దాని మీద ఎంత ఖర్చు పెట్టినా సూర్యుడు అటే వాలతాడు, వేపచెట్లకి సరిపడా మట్టి పడేలా ఒక అంచు తవ్వుదామని ప్రతిపాదన ఇచ్చాను, చెట్లు పెరగడానికి పదేళ్ళు.

ఈ కేసు తర్వాత నా పని క్రమం మారింది. టవర్లు ఎక్కడ నిలబెట్టాలో చర్చ మొదలవకముందే మూడు కాగితాలు అడుగుతున్నాను. మే, డిసెంబరు నెలల్లో సాయంత్రం నాలుగింటికి నీడ పడే బొమ్మ, సైట్ గుండా జనం నడిచే బాటల బొమ్మ, తెల్లారుజామున నాలుగు నుంచి ఒక పూర్తి రోజు అక్కడ ఎవరెవరు ఏ వేళకి ఉన్నారో చేత్తో రాసిన కాగితం. మొదటిది కంప్యూటర్ ఇస్తుంది. మిగతా రెండిటికీ మనిషి వెళ్ళి కూర్చోవాలి, ఆ రోజుల ఫీజు కూడా ఒప్పందంలో రాయించుకోవాలి, లేకపోతే ఎవరూ వెళ్ళరు.

పోయిన నెల నివాసితుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, దారికి గేటు పెట్టుకుంటామని. రెండు బైకులు పోయాయట. వాళ్ళ కోపం న్యాయమైనదే. ఈజ్‌మెంట్ కాపీ, మార్చాల్సిన లైట్ల డ్రాయింగ్ పట్టుకుని వచ్చే ఆదివారం సాయంత్రం మీటింగ్‌కి వెళ్తున్నాను. క్లబ్‌హౌస్‌లో అన్నారు, చెట్టు కింద అరుగు మీద పెట్టుకుందామని అడిగాను, ఐదింటికి. ఒప్పుకున్నారు.